అత్తగారి గొలుసులో ఒక పాత కాసు. దాని మీద ఉన్న తల ఎవరిదో చెప్పగలరా?

పల్నాటి కోడలు (ఆదివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. మా అత్తగారు ఈ మధ్య తన కాసుల గొలుసు నాకు ఇచ్చారు. అది ఆవిడకి వాళ్ల అత్తగారి నుంచి వచ్చింది. అన్నీ లక్ష్మీదేవి కాసులే, మధ్యలో ఒక్కటి మాత్రం వేరేగా ఉంది. ఒక వైపు మగమనిషి తల, కుడి వైపుకి చూస్తున్నట్టు. తల చుట్టూ ఆకుల దండ. మెడ దగ్గర నుంచి చెవి దాకా లోతుగా ఒక గాటు. రెండో వైపు కుర్చీలో కూర్చున్న ఆడమనిషి, ఒక చేతిలో పొడుగాటి కర్ర, ఇంకో చేతిలో కొమ్మ. అంచున ఇంగ్లీషు అక్షరాల్లాంటివి ఉన్నాయి. పి, ఓ, ఎన్, టి, ఐ, ఎఫ్ దాకా చదవగలిగాను. తలకి పైన పక్కపక్కనే రెండు రంధ్రాలు.

కొక్కెం బిగించమని బంగారు కొట్టుకి తీసుకెళ్తే, ఇది అరిగిపోయింది, కరిగించి కొత్త లక్ష్మీ కాసు చేసిస్తానన్నారు. ఎందుకో మనసొప్పలేదు, తూకం మాత్రం వేయించుకుని వచ్చేశాను. 7.5 గ్రాములు. ఇది ఏమిటో ఎవరికైనా తెలుసా?

పాత కాసు (ఆదివారం, రాత్రి 9:40)

అమ్మా, ముందుగా ఒక మాట. దాన్ని దేనితోనూ తోమకండి. కుంకుడు నురగ, చింతపండు, పళ్ల బ్రష్, ఏదీ వద్దు. బంగారానికి చిలుము పట్టదు కానీ, రుద్దితే అక్షరాల అంచులు పోతాయి.

మీరు చెప్పిన పోలికలన్నీ రోమన్ చక్రవర్తి టైబీరియస్ బంగారు నాణేనికి సరిపోతున్నాయి. దీన్ని ఆరియస్ అంటారు. టైబీరియస్ క్రీ.శ. 14 నుంచి 37 దాకా పాలించాడు. వెనక మీరు చదివిన అక్షరాలు 'పొంటిఫ్ మాక్సిమ్' అయి ఉంటాయి, అంటే ప్రధాన పురోహితుడు అని. అది ఆయన బిరుదు. తల వైపున ఉండాల్సిన మాటల అర్థం 'టైబీరియస్ సీజర్, దేవుడైన అగస్టస్ కొడుకు, అగస్టస్'. చాలా పొట్టి పొట్టి మాటలుగా కుదించి రాస్తారు.

తూకం కూడా దగ్గరగానే ఉంది. అగస్టస్, టైబీరియస్ కాలంలో ఆరియస్ కొత్తగా ఉన్నప్పుడు 7.8 గ్రాముల చుట్టూ ఉండేది. క్రీ.శ. 64లో నీరో దాన్ని 7.3కి దించాడు. 215లో కారకల్లా 6.5 చేశాడు. ఆ తర్వాత కాన్‌స్టంటైన్ ఆరియస్‌ని పక్కనపెట్టి సాలిడస్ అనే కొత్త నాణెం తెచ్చాడు. దాని తూకం సుమారు 4.5 గ్రాములే. మెడలో తరాల తరబడి అరిగిన నాణెం 7.5 తూగడంలో వింతేమీ లేదు.

అయినా తూకం సరిపోయినంత మాత్రాన అసలుదని చెప్పేయకూడదు. ఫోటోలు పెట్టండి. పగటి వెలుతురులో, ఏటవాలుగా, అంచు కూడా కనపడేలా.

కంసాలి మనవడు (ఆదివారం, రాత్రి 10:05)

అక్కా, నా ప్రశ్నలు మూడు. అంచు చుట్టూ సన్నటి గీత ఏమైనా ఉందా? అక్షరాల పక్కన చిన్న చిన్న గుంటలు ఉన్నాయా? రంధ్రాల దగ్గర ఏ వైపున లోహం పైకి లేచి ఉంది?

రోమన్లు నాణెం పోత పోసేవాళ్లు కాదు. కింది అచ్చును దాగలిలో బిగించి, వేడి చేసిన బంగారు బిళ్ల దాని మీద పెట్టి, పై అచ్చును చేత్తో పట్టుకుని సుత్తితో కొట్టేవాళ్లు. దెబ్బకి లోహం అచ్చు గీతల్లోకి పాకుతుంది. అందుకే అసలు నాణెం మీద అక్షరాలు కోసినట్టు నిటారుగా నిలబడతాయి, బొమ్మ ఒక్కోసారి ఒక పక్కకి జరిగి ఉంటుంది. ఈ మధ్య చేసిన పోత నకలు అయితే అక్షరాలు సబ్బు బిళ్ల మీద అక్షరాల్లా మెత్తబడి ఉంటాయి, మూస రెండు ముక్కలు కలిసిన చోట అంచున గీత ఉంటుంది. దాన్ని ఆకురాయితో గీకేసినా ఆ గీకిన ఆనవాలు మిగిలిపోతుంది.

మా తాత దగ్గర నేర్చుకున్నది ఇంకొకటి. రంధ్రం పొడిచిన వైపు లోపలికి వంగుతుంది, రెండో వైపు పెదవిలా లేస్తుంది. దాన్ని బట్టి పొడిచినవాడు ఏ వైపుని ముఖంగా అనుకున్నాడో కొంత ఊహించవచ్చు. మీ అత్తగారు ఏ వైపు బయటికి కనపడేలా వేసుకునేవారు?

పల్నాటి కోడలు (సోమవారం, ఉదయం 7:30)

ఫోటోలు పెట్టాను. అంచున గీత కనపడలేదు తమ్ముడూ. తల వైపు రంధ్రాలు లోపలికి వంగి ఉన్నాయి, ఆడమనిషి వైపు కొంచెం లేచి ఉన్నాయి. ఏ వైపు బయటికి వేసుకునేవారో నాకు గుర్తులేదు. అత్తయ్య తీర్థయాత్రలో ఉన్నారు, వచ్చాక అడుగుతాను.

ఆ గాటు చూస్తే మాత్రం బాధగా ఉంది. ఎవరో కావాలని కొట్టినట్టే ఉంది.

కృష్ణా తీరం (సోమవారం, ఉదయం 11:18)

అమ్మా, మీరు పల్నాడు అన్నారు కాబట్టి రాస్తున్నాను. మీ వైపు వినుకొండలోనే రోమన్ బంగారు నాణేల దాపు (ఒకేచోట దాచిపెట్టిన నాణేలు) ఒకటి దొరికింది, టైబీరియస్ నుంచి కారకల్లా దాకా. నాగార్జునకొండ తవ్వకాల్లోనూ రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. అక్కడి ఇక్ష్వాకుల కాలం శాసనం ఒకటి నాకు చాలా ఇష్టం. మహాదేవి రుద్రధర భట్టారిక బౌద్ధ కట్టడానికి 170 'దీనారి మాసకాలు' ఇచ్చిందని అందులో ఉంది. దీనారి అన్న మాట రోమన్ల డినేరియస్ నుంచి వచ్చిందే. అసలు డినేరియస్ వెండి నాణెం, 25 డినేరియస్‌లు ఒక ఆరియస్. మన దగ్గరికి వచ్చేసరికి ఆ పేరు బంగారానికి అంటుకుంది.

మీ బంగారు కొట్టు సంగతి చదవగానే నాకు నెల్లూరు గుర్తొచ్చింది. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ల గుట్ట పక్కన దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ. కుండ నిండా రోమన్ బంగారు నాణేలు. అతను వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, చాలా వరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా వెనక్కి తెప్పించగలిగాడు. అప్పటి మద్రాసు గవర్నర్ డేవిడ్‌సన్ వాటిని చూసి రాసిన ఉత్తరం అచ్చయింది. ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టినా బొమ్మలు ఉన్నాయని, కొన్ని టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్టు మెరుస్తున్నాయని, కొన్ని బాగా అరిగి రంధ్రాలతో ఉన్నాయని, వాటిని చేతికో మెడకో నగలుగా వేసుకుని ఉంటారని ఆయన రాశాడు.

ఆ కుండలో ఎన్ని ఉండేవో, ఎవరెవరి బొమ్మలు పోయాయో ఇక ఎప్పటికీ తెలియదు. మీరు కరిగించకుండా తిరిగి తెచ్చుకున్నందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

చంద్రవంక (సోమవారం, మధ్యాహ్నం 2:02)

గాటు సంగతి తేలికే కదా. పరాయి రాజు బొమ్మ మన దగ్గర ఎందుకని కొట్టి ఉంటారు.

పాత కాసు (సోమవారం, సాయంత్రం 6:25)

చంద్రవంక గారూ, అంత తేలిక కాదండీ. గాటు పడ్డ ఆరియస్‌లు దక్షిణ భారతంలో వందల్లో దొరికాయి. పుదుక్కోట్టైలో 1898లో బయటపడ్డ దాపులో 501 బంగారు నాణేలు ఉంటే, నూటికి తొంభైకి పైగా ఇలాగే ఉలితో నరికినవి. గాటు దాదాపు ఎప్పుడూ తల మీదే. వెనక బొమ్మ జోలికి పోలేదు.

కొందరు లోపల వెండో రాగో ఉందేమోనని పరీక్షించడానికి కొట్టారంటారు. ఆ రోజుల్లో పైపూత నకిలీలు ఉండేవి నిజమే. కానీ పరీక్షకైతే అంచున చిన్న గాటు చాలు, లేదా గీటురాయి మీద గీస్తే సరిపోతుంది. అన్నిటి మీదా తల చూసి కొట్టడం ఎందుకు? ఇంకో వాదన, ఇక మీదట ఇది నాణెంగా చెల్లదు, తూకానికి మాత్రమే బంగారం అని గుర్తు పెట్టడానికి కొట్టారని. పుదుక్కోట్టై నాణేలు చాలా అరిగిపోయినవి కాబట్టి నాకు ఈ వాదనే ఎక్కువ నచ్చుతుంది. అరిగిన నాణేన్ని లెక్కకి తీసుకుంటే నష్టం. గాటు పెట్టేస్తే అందరూ తూచి తీసుకుంటారు.

చంద్రవంక (సోమవారం, రాత్రి 8:11)

మరి తల మీదే ఎందుకన్న మీ ప్రశ్నకి ఈ వాదన కూడా జవాబు చెప్పట్లేదు కదండీ. చెల్లదని గుర్తు పెట్టాలంటే వెనక వైపు కొట్టినా చాలు.

పాత కాసు (సోమవారం, రాత్రి 8:50)

ఒప్పుకుంటాను. నాణేన్ని నాణెం చేసేది రాజు ముఖమే అని కొట్టినవాడికి తెలిసి ఉండాలి. ముఖాన్ని కొడితే అధికారం పోయినట్టు. మీరన్న కోపం, నేనన్న లెక్క, రెంటికీ మూలం అదేనేమో.

మిడ్‌లాండ్స్ తెలుగు (మంగళవారం, తెల్లవారుజామున 3:35)

ఇక్కడ ఇంకా రాత్రి పదే, తప్పుగా అనుకోకండి. నేనుండే బర్మింగ్‌హామ్‌లో బార్బర్ ఇన్‌స్టిట్యూట్ అనే మ్యూజియం ఉంది. బైజాంటైన్ (తూర్పు రోమన్) నాణేల సేకరణకి ప్రపంచంలో పేరున్న చోటు. అక్కడే నాకు ఈ ఆసక్తి పట్టుకుంది. కోడలు గారు కూర్చున్న ఆడమనిషి ఎవరని అడగలేదు కానీ, నన్నడిగితే అసలు కథ ఆవిడదే.

ఆవిడ ఎవరన్నది నాణెం మీద రాసి లేదు. చేతిలో కొమ్మ ఉంది కాబట్టి శాంతి దేవత పాక్స్ అని కొందరు, టైబీరియస్ తల్లి లివియా అని కొందరు. బహుశా చూసేవాళ్లకి రెండూ తోచాలనే అలా చేసి ఉంటారు. టైబీరియస్ ఇరవై మూడేళ్ల పాలనలో ఎక్కువ భాగం ఇదే బొమ్మ వేశాడు. మిగతా చక్రవర్తులతో పోలిస్తే ఇది వింత. వాళ్లకి ఆరియస్ వెనక వైపు అంటే జనానికి కబురు చెప్పే గోడ లాంటిది.

అగస్టస్ ఈజిప్టును గెలిచాక ఒక మొసలి బొమ్మ వేసి పైన 'ఈజిప్టు పట్టుబడింది' అని రాయించాడు. మనిషి లేడు, యుద్ధం లేదు, మొసలి ఒక్కటే. ఎంత ధీమా చూడండి. క్లాడియస్‌ని 41లో రాజభవన కాపలా సైనికులే చక్రవర్తిని చేశారు. ఆయన దాచుకోకుండా ఆ సైనికుల శిబిరం గోడనే బంగారం మీద ముద్ర వేయించాడు. వెస్పేసియన్ నాణెం చూస్తే మాత్రం నాకు కడుపులో తిప్పుతుంది. ఓడినవాళ్ల ఆయుధాలు తగిలించిన గుంజ కింద ఒక ఆడమనిషి నేల మీద కూర్చుని ఏడుస్తుంటుంది. కింద యూదుల దేశం పేరు, 'జుడియా' అని ఉంటుంది. 70లో జెరూసలేం గుడిని కాల్చేసిన తర్వాత ఒక ప్రజ కన్నీళ్లని జేబులో వేసుకుని తిరిగే నాణెం చేశారు.

నీరోది చదువుతుంటే కుటుంబ కథలా ఉంటుంది. 54లో పదహారేళ్లకి గద్దెనెక్కాడు. మొదటి ఆరియస్ మీద తల్లి అగ్రిప్పినా, తను ఎదురెదురుగా ఉంటారు. ముందు వైపు చుట్టూ ఉన్న బిరుదులు తల్లివి, కొడుకు బిరుదులు వెనక వైపున. ఏడాది తిరిగేసరికి ఇద్దరి తలలూ ఒకే దిక్కుకి తిరిగాయి. కొడుకు ముందు, తల్లి వెనక నీడలా. ఆ తర్వాత తల్లి బొమ్మే లేదు. 59లో ఆమెను చంపించాడు. చరిత్ర పుస్తకం ఏదీ లేకపోయినా ఆ మూడు నాణేలు వరసగా పెడితే ఇంట్లో ఏం జరుగుతోందో అర్థమైపోతుంది.

హేడ్రియన్‌ది ఇంకో తీరు. ఆయన రాజ్యమంతా తిరిగాడు, తిరిగిన చోట్లన్నీ నాణేల మీదకి తెచ్చాడు. స్పెయిన్ అంటే ఆలివ్ కొమ్మ పట్టుకుని హాయిగా వాలి కూర్చున్న స్త్రీ, కాళ్ల దగ్గర కుందేలు. అక్కడ ఎవరూ ఏడవడం లేదు.

కృష్ణా తీరం (మంగళవారం, ఉదయం 9:04)

బ్రూటస్ నాణెం వదిలేశారేం! జూలియస్ సీజర్‌ని చంపిన మూడేళ్లలోపే, రెండు బాకులు, మధ్యలో బానిసత్వం వదిలినవాళ్లు పెట్టుకునే టోపీ, కింద మార్చి 15ని చెప్పే మాట. రెండో వైపు తన తల. రాజుల్లా తమ ముఖం వేసుకునేవాళ్లని ఎదిరించానని చెప్పుకున్న మనిషే తన ముఖం వేసుకున్నాడు. వెండివి చాలా ఉన్నాయి, బంగారంలో తెలిసినవి మూడే. వాటిలో ఒకటి 2020లో లండన్ వేలంలో 42 లక్షల డాలర్లకి పోయింది. తీరా దాని పూర్వాపరాల పత్రాలు తప్పుడువని తేలి, 2023లో గ్రీసుకి తిరిగి ఇచ్చేశారు.

కోడలు గారూ, ఆ మూడింటిలోనే మరొకదానికి మీ కాసులాగే తల పైన రంధ్రం ఉంది. ఎవరో మెడలో వేసుకున్నారు.

ఎం.ఏ. రెండో ఏడు (మంగళవారం, మధ్యాహ్నం 12:47)

అందరూ పెద్దవాళ్లు, తప్పుంటే దిద్దండి. నాకు ఒక అనుమానం. ఈ కబుర్లన్నీ రోమ్ జనానికి. మరి అక్కడి మామూలు జనం కూడా ఆరియస్ చూసేవాళ్లా? సైనికుడి జీతమే అగస్టస్ కాలంలో ఏడాదికి 225 డినేరియస్‌లు, అంటే తొమ్మిది ఆరియస్‌లు. కూలీ చేతికి బంగారం వచ్చి ఉండదు కదా.

ఇంక మన దగ్గర లాటిన్ చదవగలిగినవాళ్లు ఎవరున్నారు? మిరియాలు, ముత్యాలు, సన్నటి బట్టలు కొనడానికి ఆ నాణేలు వచ్చాయి. రోమన్ రచయిత ప్లినీ లెక్క ప్రకారం భారతదేశానికి ఏటా 5 కోట్ల సెస్టర్సులు (రోమన్ల చిన్న నాణేలు) పోయేవి. ఆరియస్‌కి 100 సెస్టర్సులు కాబట్టి అది 5 లక్షల బంగారు నాణేలకి సమానం. ఆ లెక్క కొంచెం పెంచి రాసి ఉండొచ్చు, సగం అనుకున్నా ఎంత! అంత బంగారం మీద అంత శ్రద్ధగా చెక్కిన బొమ్మల్ని మనవాళ్లు ఎలా చూశారన్నది నా ప్రశ్న.

మా పాఠంలో కొండాపూర్ గురించి చదివాను. సంగారెడ్డి దగ్గర ఆ శాతవాహనుల ఊళ్లో టైబీరియస్ నాణేన్ని చూసి చేసిన మట్టి బిళ్లలు దొరికాయి. తాడు ఎక్కించుకోవడానికి కొక్కెం కూడా మట్టితోనే చేశారు. బంగారం కొనలేనివాళ్లు మట్టిలో ఆ బొమ్మ చేయించుకుని మెడలో వేసుకున్నారంటే, వాళ్లకి అది డబ్బు కాదు, నగ. బొమ్మ బాగుందనే వేసుకున్నారు.

పాత కాసు (మంగళవారం, సాయంత్రం 5:15)

బాబూ, చాలా మంచి మాట అన్నావు. బంగారంలో కూడా స్థానికంగా చేసిన నకళ్లు ఉన్నాయి. వాటిలో తల బాగానే ఉంటుంది, అక్షరాల దగ్గరికి వచ్చేసరికి గీతలూ చుక్కలూ అయిపోతాయి. చెక్కినవాడికి అవి అక్షరాలని తెలియదు, అంచు మీద అలంకారం అనుకున్నాడు. కోడలు గారి ఫోటోలో 'పొంటిఫ్' స్పష్టంగా ఉంది, కానీ 'మాక్సిమ్' చివర అక్షరం నాకు సరిగ్గా తోచడం లేదు. అరుగుదలా, నకలా అన్నది చేత్తో పట్టుకుని చూస్తే గానీ చెప్పలేం.

కంసాలి మనవడు (మంగళవారం, రాత్రి 9:20)

నకలైనా రెండు వేల ఏళ్ల నాటి మన కంసాలి పని అయితే నాకు అదే ఎక్కువ గొప్ప. ఆ చివరి అక్షరం దగ్గర ఇంకో ఫోటో పెట్టండి అక్కా.

నిర్వాహకులు (బుధవారం, ఉదయం 10:00)

ఈ చర్చలో ధర చెబుతానంటూ, కొంటానంటూ వచ్చిన రెండు సందేశాలు తీసేశాం. దయచేసి ఇక్కడ అమ్మకాల మాట వద్దు. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. ఎవరికైనా భూమిలో కొత్తగా దొరికితే 1878 నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టర్‌కి తెలియజేయాలి. కోడలు గారిది వారసత్వ నగ కాబట్టి ఆ సంగతి వేరు. అయినా ఒకసారి ప్రభుత్వ మ్యూజియంలో నాణేల విభాగానికి చూపించి, తూకం, కొలతలు, ఫోటోలు నమోదు చేయించుకోవడం మంచిదని మా సలహా. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో పెద్ద నాణేల సేకరణ ఉంది.

మిడ్‌లాండ్స్ తెలుగు (గురువారం, తెల్లవారుజామున 4:10)

ఇంకొక్కటి చెప్పి ఆగుతాను. చక్రవర్తి ముఖం నాణెం ముందు వైపు నుంచి తప్పుకున్న రోజు కూడా వచ్చింది. 7వ శతాబ్దం చివర జస్టీనియన్ 2 తన సాలిడస్ ముందు వైపు క్రీస్తు ముఖం వేయించి, తను వెనక్కి జరిగి శిలువ పట్టుకుని నిలబడ్డాడు. ఏడు వందల ఏళ్లుగా రాజుదైన చోటు దేవుడికి ఇచ్చేశాడు. మొదటిసారి ఆ నాణెం చూసినప్పుడు అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

పల్నాటి కోడలు (తర్వాతి ఆదివారం, రాత్రి 8:44)

ఇన్ని విషయాలు ఓపిగ్గా చెప్పిన అందరికీ ధన్యవాదాలు. శుక్రవారం మ్యూజియానికి వెళ్లాం. అక్కడి అధికారి ఎంతో మర్యాదగా మాట్లాడారు. వాళ్ల త్రాసులో 7.52 గ్రాములు. పోత కాదు, అచ్చు కొట్టినదే అన్నారు. రోమ్ రాజ్యంలో కొట్టినదా, ఇక్కడ చేసిన నకలా అన్నది ఆ చివరి అక్షరం మీద ఆధారపడి ఉందట. భూతద్దంతో తీసిన ఫోటోలు ఉంచుకున్నారు, ఇంకొకరికి చూపించి రాస్తామన్నారు. కాసు మాత్రం మాకు తిరిగి ఇచ్చేశారు.

నిన్న అత్తయ్య వచ్చారు. ఏ వైపు బయటికి వేసుకునేవారని అడిగాను. ఆవిడకి ఆ తల సంగతే సరిగ్గా గుర్తులేదు! ఎప్పుడూ కూర్చున్న అమ్మ వైపే బయటికి ఉండేదట. వాళ్ల అత్తగారు కూడా అంతేనట, శుక్రవారం శుక్రవారం దానికి కుంకుమ పెట్టేవారట.

అప్పుడు గొలుసు పట్టుకుని చూశాం. రంధ్రాలు రాజు తల నిటారుగా వేలాడేటట్టు పొడిచినవి కాబట్టి, తిప్పి వేసుకుంటే ఆ అమ్మ కొంచెం పక్కకి వాలి ఉంటుంది. అత్తయ్య నవ్వి, "మా ఇంట్లో దాన్ని ఒరిగిన లక్ష్మి అనేవాళ్లం, ఎందుకు ఒరిగిందో ఎవరూ చెప్పలేదు" అన్నారు.